మూలము, వ్యాఖ్య, యంత్రము

గ్రంథము నశించుటకు రెండు మార్గములు కలవు. అక్షరములు చెదల పాలగుట ఒకటి. అక్షరములు నిలిచియున్నను వాని అభిప్రాయము నెరిగినవారు మిగులకుండుట రెండవది. మొదటి నష్టము అందరికిని కనబడును. రెండవది చాలకాలము కనబడదు; ఎవరో ఒకనాడు ఆ గ్రంథముతో పనిపడి తెరచి చూచినప్పుడు మాత్రమే తెలియును. తాళపత్ర గ్రంథముల కాలమున మన పండితులు ఈ రెండు నష్టములను చూచిరి, రెండింటికిని ఉపాయములు వెదకిరి. కంప్యూటరు వచ్చిన పిదప అదే చిక్కు క్రొత్తరూపమున మరల ఎదురైనది. దానికి 1980 ప్రాంతమున ఒక అమెరికా ఆచార్యుడు చూపిన పరిష్కారము మన వ్యాఖ్యాన సంప్రదాయమునకు మిక్కిలి చేరువగా నున్నది. ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచుట ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట మనకు పరిచితమైన ఉదాహరణము నొకదానిని తీసికొందము. కాచిగూడ రైలు స్టేషను 1916లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పరిపాలనలో నిర్మింపబడినది. నిజాం రైల్వేకు అది ప్రధాన కార్యస్థానముగా నుండెను. ఆ గుమ్మటముల క్రింద బండికొరకు ఎదురుచూచు ప్రయాణికునకు కావలసినది చిన్న పట్టిక: ఏ బండి ఎన్ని గంటలకు వచ్చును, ఎన్ని గంటలకు బయలుదేరును. స్టేషను మాస్టరునకును, డ్రైవరునకును, గార్డునకును ఆ పట్టిక చాలదు. బండి ఆగకుండ పోవు స్టేషనులను ఎప్పుడు దాటవలెను, ఎదురుబండికి ఎచట దారి యీయవలెను, ఏ మలుపున ఎంత వేగము మించరాదు అనునవి వారికి తెలియవలెను. అందుచేత రైల్వేలలో ప్రజల టైంటేబులు వేరు, ఉద్యోగుల వర్కింగ్ టైంటేబులు వేరు. కాని ఆ రెండింటిని ఇద్దరు మనుష్యులు ఎవరి గదిలో వారు కూర్చుండి వ్రాసినచో ప్రమాదము తప్పదు. ఒకే మూలమునుండి రెండు ప్రతులు పుట్టవలెను. మూలమున ఒక గంట మారినచో రెండింటను మారవలెను. ఈ మాటను గుర్తుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

కంప్యూటరు చేయవలసిన పనిని ఆజ్ఞల వరుసగా వ్రాసినదానిని ప్రోగ్రాము అందురు. రేడియో శ్రోతలకు ఆ మాట వినగానే వేరొక అర్థము స్ఫురించును గనుక, తెలుగులో కొందరు వాడిన క్రమణిక అను పదమునే ఇచట వాడుదము. క్రమణికకు చదువరులు ఇద్దరు. ఒకరు యంత్రము. దానికి కారణములతో పనిలేదు. ఆజ్ఞ స్పష్టముగా నుండి, నియమించిన వరుసలో నున్నచో చాలును. రెండవవారు మనుష్యులు. ఆ క్రమణికను రేపు సరిదిద్దువారు, పెంచువారు, మరియొక యంత్రమునకు మార్చువారు వీరే. వీరికి ఆజ్ఞతోపాటు హేతువు కావలెను. సామాన్యమైన క్రమణికలో మొదటి చదువరికి కావలసినదంతయు నుండును. రెండవ చదువరికి అక్కడక్కడ ఒక చిన్న టిప్పణి దొరకును. అదియు వ్రాసినవానికి తీరిక యున్నప్పుడు.

ఒక చిన్న క్రమణికను చూతము. ఒకానొక సంవత్సరమున ఫిబ్రవరికి 28 దినములో 29 దినములో చెప్పుట దాని పని. సంవత్సరసంఖ్య 4చే నిశ్శేషముగా భాగింపబడినచో 29. కాని 100చే భాగింపబడినచో 28. అయినను 400చే భాగింపబడినచో 29. యంత్రమునకు ఇంతే చాలును. మనుష్యునకు మాత్రము మూడవ నియమము వింతగా తోచును. నూరేండ్లకొకమారు వచ్చు అపవాదమునకు మరల అపవాద మెందులకు? దీనికి సమాధానము క్రమణికలో లేదు, 1582లో నున్నది. పూర్వపు జూలియను పద్ధతిలో ప్రతి నాలుగవ యేటను ఒక అధికదినము చేర్చుటచే సూర్యగతికిని కేలండరునకును ఎడము పెరుగుచు వచ్చెను. పదమూడవ గ్రెగొరీ పోపు ఆ యేట పది దినములను తొలగించి, ఇకమీదట 400 ఏండ్లలో 100 అధికదినములకు బదులు 97 మాత్రమే యుండునట్లు కట్టడి చేసెను. అందుచేత 1900 సామాన్య సంవత్సరమయ్యెను, 2000 అధిక సంవత్సరమయ్యెను. ఈ కథ తెలియనివాడు మూడవ నియమము అనవసరమని కొట్టివేయవచ్చును. కొట్టివేసినను అనేక సంవత్సరముల వరకు తప్పు బయటపడదు.

దీనికి తోడు మరియొక విచిత్రము కలదు. 1980 దశకమున ప్రసిద్ధికెక్కిన లోటస్ 1-2-3 అను లెక్కల క్రమణిక 1900ను పొరపాటున అధిక సంవత్సరముగా లెక్కించెను. తరువాత వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, పాత పట్టికలలోని తేదీలు చెడకుండుటకై, తెలిసియే ఆ తప్పును నిలుపుకొనెను. కారణ మెరుగనివాడు దానిని దోషమనును, ఎరిగినవాడు ఒప్పందమనును. ఆజ్ఞల పాఠము మాత్రము ఇద్దరికిని ఒకటే. దోషమునకును ఒప్పందమునకును గల భేదము పాఠమున లేదు, వ్యాఖ్యలో నుండును.

హైదరాబాదునకు ఈ సమస్య పరాయిది కాదు. 1967లో ఇచట స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా టి.డి.సి. వరుస కంప్యూటరులను తయారుచేసెను. అయినను ఆ విద్య సామాన్య కుటుంబముల నట్టింటికి వచ్చినది 1990 దశకము చివర. పూర్వము క్రమణికలను, లెక్కలను 80 వరుసల అట్టలపై రంధ్రములు పొడిచి యంత్రమున కందించువారు. చోటు చాల విలువైనది. అందుచేత 1965 అనుటకు 65 అని వ్రాసిరి. 1999 తరువాత 00 వచ్చినప్పుడు యంత్రము దానిని 1900 అనుకొనునను భయము 1990 దశకమున ప్రపంచము నంతటిని పట్టుకొనెను. విదేశముల బ్యాంకులలోను, భీమా కంపెనీలలోను పనిచేయుచున్న పాత క్రమణికలను వెదకి దిద్దుటకు మనుష్యులు కావలసివచ్చిరి. వానిలో చాలవరకు 1959లో రూపుదిద్దుకొన మొదలిడిన కోబాల్ భాషలో నుండెను. అమీరుపేట శిక్షణాలయములలో ఆ భాష నేర్చినవారును, 1987లో స్థాపితమైన సత్యం వంటి కంపెనీల ఉద్యోగులును ఆ పనిలో ప్రవేశించిరి. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు భవనము ప్రారంభమయ్యెను.

వారి చేతికి వచ్చినది ఇరువది, ముప్పది యేండ్లనాటి మూలము, వ్యాఖ్య లేదు. వ్రాసినవారిలో కొందరు పదవీవిరమణ చేసిరి, కొందరు గతించిరి. ఒకచోట 65 అని యున్నచో అది సంవత్సరమో, మనుష్యుని వయస్సో, డాలర్ల సంఖ్యయో క్రమణిక చెప్పదు. సంవత్సరమని పొరబడి దిద్దినచో లేని తప్పు పుట్టును. కాదనుకొని విడిచినచో ఉన్న తప్పు నిలుచును. 2000 అధిక సంవత్సరము కాదనుకొన్న క్రమణికలును కొన్ని యప్పుడు బయటపడెను. మొత్తముమీద ఆ మహాకార్యము జయప్రదముగానే ముగిసినది. కాని దిద్దుటకంటె ముందు చేయవలసిన పని, ఇది ఎందులకు ఇట్లు వ్రాయబడినదని గ్రహించుట, ఎంత కష్టమో ఒక తరము యువకులకు బాగుగా తెలిసివచ్చెను.

ఇప్పుడు వెనుకకు పోవుదము. మన శాస్త్రములు సూత్రరూపమున పుట్టినవి. సూత్రము కంఠస్థము చేయుటకు అనువైనది; అందుచేత దానిలో ఒక్క అక్షరము తగ్గినను లాభమే. ఆ లాభమునకు వెలయు కలదు: గురువు లేనిదే సూత్రము నోరు విప్పదు. ఆ గురువాక్యమే వ్రాతలోనికి వచ్చి వృత్తి, భాష్యము, టీక, వ్యాఖ్య అను పేర్లు పొందెను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. దానిలో సూత్రము వెంట వివరణమును, ఉదాహరణములును ఆయనయే కూర్చెను. ఏది సూత్రమో, ఏది వివరణమో చదువరి తడబడడు. సూత్రములను మాత్రము ఏరి వల్లెవేయవలె ననువాడు ఏరుకొనవచ్చును. అర్థము తెలిసికొనదలచువాడు అంతయు చదువవచ్చును. ఒకే గ్రంథము, రెండు ప్రయోజనములు.

అంతకు పూర్వము 1656 నాటి కాకునూరి అప్పకవి గ్రంథము కలదు. ఆంధ్రశబ్దచింతామణి యను సంస్కృత సూత్రములకు తెలుగుపద్యములలో వ్రాసిన విస్తృత వ్యాఖ్య యది. చింతామణి నన్నయ రచన యని సంప్రదాయము. పరిశోధకులు పలువురు సందేహించిరి. ఆ సూత్రగ్రంథమును భీమకవి ద్వేషముచే గోదావరిలో కలిపెననియు, రాజరాజు కుమారుడు సారంగధరుడు దానిని కంఠస్థము చేసియుండుటచే అది మరల లోకమున వెలసి బాలసరస్వతికి చేరెననియు అప్పకవి కథ చెప్పెను. కథ నిజమో కాదో అటుండనిండు. మూలము పోవునను భయమును, దానిని మరియొక చోటునుండి తిరిగి రాబట్టవచ్చునను ఆశయు మన వాఙ్మయమున ఎంత ప్రాచీనములో ఆ కథ చెప్పుచున్నది.

వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడైన మల్లినాథసూరి తెలంగాణమువాడు. మెదకు ప్రాంతమున నున్న కొల్చారము ఆయన వంశనామమైన కోలాచలమునకు మూలమని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యములకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునకు సర్వంకష, శ్రీహర్షుని నైషధమునకు జీవాతువు ఆయన వ్రాసినవే. ఆధారములేని మాటయు, అక్కరలేని మాటయు తన వ్యాఖ్యలో నుండవని ఆయన మొదటనే మాట యిచ్చెను. ఆయన పద్ధతిలో మన ప్రసంగమునకు ముఖ్యమైనది అన్వయము. శ్లోకములో పదముల వరుసను నిర్ణయించునది ఛందస్సు. క్రియ మొదట రావచ్చును, కర్త చివర రావచ్చును, విశేషణ మొకచోట విశేష్య మొకచోట నుండవచ్చును. గురులఘువులు సరిపోయినచో ఛందస్సు తృప్తిపడును. అర్థముతో దానికి పనిలేదు. వ్యాఖ్యాత ఆ పదములను విడదీసి, మనుష్యుడు ఆలోచించు వరుసలో మరల కూర్చి, ఒక్కొక్క పదమును మూలమునుండి ఎత్తి చూపుచు అర్థము చెప్పును. పాఠశాలలో ప్రతిపదార్థము, తాత్పర్యము వ్రాసినవారందరును ఎరిగిన పద్ధతియే యిది. యంత్రమునకు ఒక వరుస, మనుష్యునకు మరియొక వరుస అను సూక్ష్మము ఇచటనే యున్నది.

మూలపదములను ఎత్తి చూపుటచే మరియొక మేలు కలిగెను. మూలము వేరుగా లభింపకున్నను, పాఠము సందేహాస్పదమైనను, వ్యాఖ్యలోని పదములను వరుసపెట్టి దానిని నిర్ణయింపవచ్చును. మన లక్షణగ్రంథములును అటువంటి నిధులే. ఒక నియమమునకు ఉదాహరణముగా లాక్షణికుడు పూర్వకవి పద్యము నొకదానిని చూపును. కాలక్రమమున ఆ కావ్యము నశించును. పద్యము మాత్రము లక్షణగ్రంథమున బ్రతికియుండును. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళి అలభ్యములైన కావ్యములనుండి పాత సంకలనములందు నిలిచిన పద్యములను మనకు దక్కించినది. వివరణములనుండి మూలమును ఏరుట యను విద్యలో తెలుగువారు చేసిన గొప్ప పనులలో అదియొకటి.

అయితే ఈ కలయికలో ఒక అపాయమును కలదు. మూలమునకును వ్యాఖ్యకును నడుమ గీత చెరిగినచో వ్యాఖ్య మూలములో కలియును. ఎవరో అంచున వ్రాసికొన్న మాటను తరువాతి లేఖకుడు పాఠమనుకొని లోపల చేర్చును, అది ప్రక్షిప్తమగును. కావున కలిపి యుంచుట ఎంత అవసరమో, విడదీయు గుర్తు దృఢముగా నుండుట అంత అవసరము.

ఈ నేపథ్యమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ క్నూత్ చేసిన పనిని చూతము. 1938లో జన్మించిన ఈయన కంప్యూటరు శాస్త్రమున మహాగ్రంథమును సంపుటములుగా వ్రాయుచు 1968, 1969, 1973లలో మూడింటిని ప్రకటించెను. 1977లో రెండవ సంపుటము పునర్ముద్రణకై క్రొత్త ఫోటో పద్ధతిలో కూర్చిన ప్రూఫులు చేతికి వచ్చినప్పుడు వాని అక్షరములు ఆయనకు రోతపుట్టించెను. పూర్వపు సీసపు అక్షరముల అందము వానిలో లేదు. ఆ అసంతృప్తితో పుస్తకరచనను ప్రక్కకు నెట్టి, పుటలను అందముగా కూర్చు క్రమణికను తానే వ్రాయ మొదలిడెను. దాని పేరు టెక్. అక్షరముల రూపములను గీయుటకు వ్రాసిన తోడి క్రమణిక పేరు మెటాఫాంట్. కొద్దికాలములో ముగియుననుకొన్న ఆ పని అనేక సంవత్సరములు పట్టెను.

టెక్ మూలమును అందరు చదువునట్లు ప్రకటింపవలసినదని ఆంగ్లశాస్త్రజ్ఞుడు టోనీ హోర్ ఆయనను ప్రోత్సహించెను. పేరుగన్న పండితుడు తన పెద్ద క్రమణికను పదిమంది ముందు పుస్తకముగా పెట్టుట ఆనాడు అలవాటు లేదు. చదువదగిన క్రమణిక ఎట్లుండవలెను? ఈ ప్రశ్ననుండి వెబ్ అను పద్ధతి పుట్టినది. నేడు మనము వెబ్ అనునది వేరు. అది 1989 తరువాతిది. కంప్యూటరు రంగమున ఇంకను ఎవరును వాడుకొనని మూడక్షరముల ఆంగ్లపదము కనుక ఆ పేరు పెట్టితినని క్నూత్ చమత్కరించెను. ఈ పద్ధతిని 1984లో బ్రిటిషు కంప్యూటర్ జర్నల్‌లో ఒక వ్యాసమున వివరించి, దీనికి లిటరేట్ ప్రోగ్రామింగ్ అని నామకరణము చేసెను. సవ్యాఖ్య క్రమణికారచన యని మనము చెప్పుకొనవచ్చును. క్రమణిక వ్రాయువాడు యంత్రముతో గాక మొదట తోడి మనుష్యునితో మాటలాడవలెననుట దాని సారము.

పద్ధతి యిట్టిది. రచయిత ఒకే పత్రమును వ్రాయును. దానిలో వివరణమును, ఆజ్ఞల తునకలును చిన్నచిన్న ప్రకరణములుగా, మనుష్యునకు బోధపడు వరుసలో నుండును. ప్రతి తునకకును ఒక పేరుండును. మన ఫిబ్రవరి ఉదాహరణమునే తీసికొన్నచో, మొదటి ప్రకరణమున పని యేమో చెప్పి, అధిక సంవత్సర నిర్ణయము అను పేరు మాత్రము వ్రాసి విడిచిపెట్టును. తరువాతి ప్రకరణమున 1582 నాటి కథ చెప్పి, 97 అధికదినముల లెక్క చూపి, దాని క్రింద ఆ పేరుతో మూడు నియమములను వ్రాయును. ఈ పత్రమును రెండు క్రమణికలు చదువును. టాంగిల్ అనునది వివరణమును విడిచి, తునకలను వాని పేర్లున్న చోట్ల అతికి, యంత్రము కోరు వరుసలో మూలమును వెలికితీయును. వీవ్ అనునది వివరణమును, ఆజ్ఞలను కలిపి, పదసూచికతో సహా, అచ్చుకు తగిన పుటలుగా కూర్చును. వీవ్ అనగా నేత, టాంగిల్ అనగా చిక్కు. మనుష్యునకు నేతబట్ట, యంత్రమునకు చిక్కుదారము! ఆనాడు ఆయన వాడిన పాస్కల్ భాషలో స్థిరసంఖ్యలు ముందు, రాసుల పేర్లు తరువాత, విధానములు ఆ తరువాత రావలెనను కఠిన నియమము కలదు. అది ఆ భాషకు ఛందస్సు వంటిది. మల్లినాథుడు ఛందస్సు వరుసనుండి అన్వయమునకు వచ్చెను. క్నూత్ అన్వయమును ముందు వ్రాసి, ఛందస్సులో కూర్చు పనిని యంత్రమునకే అప్పగించెను.

టాంగిల్, వీవ్ అను క్రమణికలును వెబ్ పద్ధతిలోనే వ్రాయబడినవి. కావున టాంగిల్ పుట్టుటకు టాంగిల్ కావలెను. ఆ తొలి ముడిని క్నూత్ చేతిపనితోనే విప్పెను. టాంగిల్ వెలికితీయు మూలము మనుష్యుడు చదువలేనంత బిగుతుగా, ఖాళీలు లేకుండ నుండును. అది లోపము కాదు, బుద్ధిపూర్వకమైన ఏర్పాటు. వెలికితీసిన ప్రతిని ఎవరైనను నేరుగా దిద్దినచో, ఆ దిద్దుబాటు అసలు పత్రమునకు చేరదు. మరునాడు మరల వెలికితీయగానే తుడిచిపెట్టుకొని పోవును. కావున దిద్దువాడు అసలు పత్రమునకే రావలెను. వచ్చినప్పుడు ప్రక్కనున్న వివరణమును చూడక తప్పదు.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష టెక్ గ్రంథమే. 1986లో అచ్చైన ఐదు సంపుటములలో రెండవది టెక్ క్రమణిక పూర్తి పాఠము. దానిలో 1,380 ప్రకరణములు కలవు. తప్పు కనిపెట్టినవారికి క్నూత్ బహుమానముగా చెక్కు పంపుచు వచ్చెను. మొదట 2 డాలర్ల 56 సెంట్లున్న ఆ మొత్తము క్రమముగా రెట్టింపగుచు 327 డాలర్ల 68 సెంట్లకు చేరెను. తన వ్యాఖ్యపై నమ్మకము లేనివాడు ఇట్టి పందెము వేయడు.

ఈ వృక్షఫలమును తెలుగువారును అనుభవించిరి. 1990 దశకమున అమెరికాలోని కొందరు తెలుగువారు మెటాఫాంట్‌తో తెలుగు అక్షరములను మలచి, టెక్ ద్వారా తెలుగు పుటలు కూర్చిరి. టెక్సాసు రాష్ట్రములోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, తెలుగుమాటలను ఆంగ్లలిపిలో మామూలు పాఠముగా వ్రాసినచో, క్రమణిక దానినుండి తెలుగు పుటను వెలికితీయును. కంప్యూటరులో తెలుగులిపి సులభముగా దొరకని ఆ రోజులలో దేశాంతరముననున్నవారు పద్యములను, కథలను ఒకరికొకరు పంపుకొనుటకు ఆ పద్ధతి మిక్కిలి తోడ్పడెను. అది సవ్యాఖ్య రచన కాదు. కాని మనుష్యుడు చేతితో తాకునది సాదాపాఠము, యంత్రము దానినుండి తీయునది వేరొక రూపమను సూత్రము ఒక్కటే.

ఇంత చెప్పిన పిదప ప్రతిపక్షమును వినకుండుట న్యాయము కాదు. 1986లో జాన్ బెంట్లీ అను రచయిత అమెరికా కంప్యూటరు సంఘ పత్రికలో తన శీర్షికకై క్నూత్‌కు ఒక చిన్న పని యిచ్చెను: ఒక పాఠములో ఎక్కువ పర్యాయములు వచ్చిన మాటలను ఏరి, సంఖ్యతో సహా చూపు క్రమణిక. క్నూత్ తన పద్ధతిలో అనేక పుటల రచన చేసెను. చతురమైన క్రొత్త ఏర్పాటును దానిలో ప్రయోగించెను. దానిని సమీక్షించిన బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞుడు డగ్లస్ మెకిల్‌రాయ్ వ్రాతను మెచ్చుకొని, పిమ్మట అదే పనిని ఉన్న పనిముట్లనే ఆరు మెట్ల గొలుసుగా తగిలించి చేసి చూపెను. అందరును ఎరిగిన చిన్న పనిముట్లుండగా ప్రతిసారి మహాకావ్య మెందులకని ఆయన ప్రశ్న. ప్రశ్న బలమైనదే. వ్యాఖ్య ఎంత చక్కనిదైనను అక్కరలేని మూలమును అక్కరగలదిగా చేయజాలదు. క్నూత్ పక్షమునను ఒక మాట కలదు: పద్ధతిని ప్రదర్శింపుమని అడిగినప్పుడు ఆయన పద్ధతిని ప్రదర్శించెను.

మరియొక విమర్శ మనుష్యస్వభావమునకు సంబంధించినది. క్రమణిక బాగుగా వ్రాయువారు కొందరే. వాక్యము బాగుగా వ్రాయువారు కొందరే. రెండును చేతనైనవారిని అందరినుండి కోరుట సాధ్యమా? వెబ్ పద్ధతి పెద్ద కంపెనీలలో వ్యాపింపకుండుటకు ఇది ఒక కారణము. పలువురు కలిసి వ్రాయు చోట, వారమున కొకసారి ఆజ్ఞలు మారు చోట, వివరణమును వెంటవెంట మార్చు ఓపిక తక్కువ. మారిన మూలము ప్రక్కన మారని వ్యాఖ్య నిలిచినచో అది లేకుండుటకంటె హాని.

అయినను బీజము చావలేదు. తేలికయైన రూపములు ధరించెను. 1989లో నార్మన్ రామ్సే నోవెబ్ అను పనిముట్టును చేసి, ఏ భాషకైనను పనికివచ్చునట్లు పద్ధతిని సులభపరచెను. హాస్కెల్ అను భాషలో ఆచారమే తారుమారైనది. అందలి సవ్యాఖ్య పత్రమున అంతయు వివరణమే. పంక్తి మొదట బాణపుమొన వంటి గుర్తున్నచో అది మాత్రమే ఆజ్ఞ. వివరణమునకును ఆజ్ఞకును నడుమ ఒక ఖాళీపంక్తి యుండవలెనని నియమము. లేనిచో తప్పని హెచ్చరించును. ప్రక్షిప్తమునకు వేసిన కంచె యిది. నెదర్లాండ్సులోని ఖగోళశాస్త్రజ్ఞుడు కార్స్టెన్ డొమినిక్ 2003లో తన పనుల పట్టికలను, గమనికలను వ్రాసికొనుటకై ఆర్గ్ అను సాదాపాఠ పద్ధతిని కల్పించెను. ఎరిక్ షుల్టే, డాన్ డేవిసన్ దానికి బేబెల్ అను భాగమును చేర్చిరి. 2010 నాటికి అది దానిలో అంతర్భాగమయ్యెను. ఇప్పుడు ఒకడు తన నోటుపుస్తకము వంటి పత్రమున తేదీ వేసి, యోచన వ్రాసి, కారణము వ్రాసి, నడుమ ఆజ్ఞల తునకలను గుర్తులమధ్య ఉంచును. ఒక్క మాటతో ఆ తునకలు వేరై క్రమణికలగును. ఆ పనికి ఆర్గ్‌లోను టాంగిల్ అనియే పేరు.

సాదాపాఠమున కింత ప్రాముఖ్య మెందులకు? అది ఏ కంపెనీ తాళముచెవి లేకుండను తెరచుకొనును. ఒక కంపెనీ మూతపడగానే దాని ప్రత్యేక రూపమున దాచిన పత్రము ప్రాణమున్న శవమగును. సాదాపాఠము అట్లు కాదు. తాటియాకుపై గంటముతో వ్రాసినది చదువుటకు కన్నులు, లిపిజ్ఞానము చాలును. సాదాపాఠమున కించుమించు అంతే చాలును. నలువది యేండ్లనాటి టెక్ మూలపత్రము నేటికిని ఏ కంప్యూటరుపైనైనను తెరచి చదువవచ్చును.

ఈ చరిత్రలో గృహస్థులు గ్రహింపదగినది కొంత కలదు. నేడు మన యిండ్ల జీతములు, బ్యాంకు లెక్కలు, రైలు రిజర్వేషనులు, ఆసుపత్రి చీటీలు అన్నియు ఎవరో వ్రాసిన ఆజ్ఞల మీద నడచుచున్నవి. ఆ ఆజ్ఞలను వ్రాసినవారు ఉద్యోగము మారుదురు, ఊరు మారుదురు. వారి వెనుక మిగులునది మూలము మాత్రమేయైనచో, తరువాతివాడు ముట్టుకొనుటకు భయపడును, ముట్టుకొనకుండను ఉండలేడు. మన నగరమున వేలకొలది కుటుంబముల పిల్లలు ఈ వృత్తిలో నున్నారు. వారు నెలరోజుల పనికి అరగంట వివరణము చేర్చుట వ్యర్థకాలక్షేపము కాదు. రేపటి చదువరికి వ్రాసిన జాబు.

క్నూత్ తన టెక్‌కు ఇచ్చిన సంఖ్యలు వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని అనుసరించుచు పోవును. ప్రతి దిద్దుబాటుకును ఒక అంకె పెరుగును. 2021లో వెలువడినది 3.141592653. తన మరణానంతరము సంఖ్యను ఆ నిష్పత్తి చిహ్నముగనే స్థిరపరచి, ఇక ఎవరును ముట్టరాదనియు, అప్పటికి మిగిలిన తప్పులను తప్పులనక లక్షణములుగా నెంచవలెననియు ఆయన కోరెను. మూలము అంతటితో ముద్రపడును. 1,380 ప్రకరణముల వివరణము మాత్రము తెరచియే యుండును. కాళిదాసు శ్లోకమున ఒక అక్షరమును మార్చు అధికారము మల్లినాథునకు లేదు. దానిని మరల పలికించు అధికారము మాత్రము ఆయనకు కలదు. ఆ అధికారము తరువాతి చదువరులందరిదియు.